కుదురులేని బుద్ధి

పాఠం జరుగుతూండగా కిటికీవైపు చూసే విద్యార్థిని అధ్యాపకుడు సహిస్తాడు. బల్లమీద వ్రేళ్లతో తాళం వేసేవాణ్ణి సహించడు. ఇరవై యేండ్ల క్రిందట నేను నాయుడుపేటలో ఛందస్సు చెప్పే తరగతిలో అటువంటి కుర్రవాడొకడుండేవాడు. పది నిమిషాలు కుదురుగా కూర్చోలేడు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పేవాడు; అడిగినదానికి చెప్పేవాడు కాడు. కాని గదిలో పంకా ఆగిపోతే, భోజనం మాట మరచి, దాన్ని విప్పి బాగుచేసి గాని లేచేవాడు కాడు. నేనతణ్ణి ఎన్నిమార్లు బయటికి పంపానో లెక్కలేదు. రెండవ సంవత్సరంలో తానే రావడం మానుకున్నాడు.

అప్పట్లో దానిని పొగరన్నాను. ఇప్పుడు వైద్యులు ఏడీహెచ్‌డీ అనే పేరు చెబుతున్నారు. అవధానలోపం, అతిచాంచల్యం అని దాని భావం. ఆటిజం వేరు: ఎదుటివారి చూపులోని సూచన అందుకోలేకపోవడం, ఒకే విషయంలో గాఢంగా మునిగిపోవడం, అలవాటు తప్పితే కలతపడడం. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చునని అమెరికా మనోవైద్యుల నిర్ణయగ్రంథం 2013లో గాని ఒప్పుకోలేదు. విమాన వ్యాపారి డేవిడ్ నీలిమన్ తనకు మొదటిది ఉన్నదని చెప్పుకున్నాడు. ఎలన్ మస్క్ 2021లో టెలివిజన్ వేదికమీద తనకు ఆస్పర్జర్ లక్షణాలున్నవన్నాడు. అంతటితో, లోపమే లాభమనే వాదం ఒకటి బయలుదేరింది.

‘అవధానలోపం’ అన్న మాట తెలుగు పంతులుకు కొంచెం చిక్కే. మన అష్టావధానంలో అవధానిని చెదరగొట్టడానికే అప్రస్తుతప్రసంగికి పీట వేసి కూర్చోబెడతాం గదా! ఆ కుర్రవాడికి అవధానం పుష్కలంగానే ఉండేది, పంకామీద. దాన్ని నేను చూపినచోటికి తిప్పే పగ్గమే అతని చేతిలో లేదు.

అతడు తలపుకు వచ్చినప్పుడల్లా కోయంబత్తూరు జి.డి. నాయుడుగారు జ్ఞాపకం వస్తారు. అక్కడికి దగ్గరలోని కలంగల్ గ్రామంలో 1893లో తెలుగు కుటుంబంలో పుట్టారు. పంతులుగారి ముఖాన ఇసుక చల్లి చిన్నతరగతిలోనే బడికి స్వస్తి చెప్పారని ప్రసిద్ధి. ఒక ఆంగ్లేయ ఉద్యోగి మోటారుసైకిలు చూచినది మొదలు మరొక ధ్యాస లేదు. హోటలులో వడ్డన చేసి డబ్బు కూడబెట్టి, దాన్ని కొని, ఇంటికి తెచ్చి ఊడదీసి మళ్లీ బిగించారు. ప్రత్తి వ్యాపారంలో నష్టపోయారు. 1920లో ఒక బస్సు కొని, పొల్లాచి నుండి పళనికి తామే నడిపారు. అదే పెరిగి పెద్ద రవాణా సంస్థ అయింది. తరువాత బ్యాటరీతో నడిచే క్షౌరయంత్రం, పండ్లరసం తీసే యంత్రం, 1937లో దేశంలోనే తయారైన విద్యుత్ మోటారు! ఇంజనీరింగు విద్యాలయం స్థాపించి, నాలుగేండ్ల చదువు కాలహరణమని వాదించి, మాట నెగ్గకపోగా దాన్నీ వదలి వచ్చారు.

1974లో కన్నుమూసిన మనిషికి ఈనాటి రోగనామం అంటగట్టే సాహసం నేను చేయను. వైద్యుడు కూడ చేయరాదు. నేను చూసేది మరొకటి. బడి విడిచిన ఆయనకు వెనుక తండ్రి పొలం ఉన్నది. రాబర్ట్ స్టేన్స్ అనే ఆంగ్లేయ వ్యాపారి తోడ్పాటు ఉన్నది. ఒక పనినుండి మరొక పనికి దూకినా పడిపోకుండా పట్టే నేల ఉన్నది. ఆ నేలలేనివాడు అదే దూకుడుకు మూడు కొలువులు పోగొట్టుకుని, ఇంట్లో పనికిమాలినవాడనిపించుకుంటాడు. ఆటిజం ఉండి మాటే రాని బిడ్డ తల్లికి మస్క్ కథ ఏం ఓదార్పు?

స్వీడన్ కవలలపై 2016లో వెలువడిన పరిశోధనలో, అతిచాంచల్యం గలవారు సొంత వ్యాపారంలో కొంత ఎక్కువగా కనబడ్డారు. అవధానలోపానికి అటువంటి సంబంధం కనబడలేదు. అదైనా వ్యాపారంలో ఉన్నవారి మాటే గాని, గెలిచినవారి మాట కాదు. బిల్లు కట్టే గడువు, పన్ను కాగితం, పనివాడి జీతం — ఇవి చాంచల్యానికి లొంగవు. ఇటువంటివారి ప్రక్కన లెక్కలు చూసే నిదానస్తుడొకడు తప్పక ఉండాలి. అటువంటివాణ్ణి గురించి ఎవరూ వ్యాసం వ్రాయరు.

ఆ కుర్రవాడు ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు. దుకాణం పెట్టాడో, దినకూలికి పోతున్నాడో. బాగుచేసిన పంకా మాత్రం చాలాకాలం తిరిగింది. దానిక్రింద కూర్చునే ఆ యేడాది హాజరుపట్టీలో అతని పేరు కొట్టివేశాను.