మొండి పుండుకు చేప చర్మం కట్టు

షుగర్‌ ఉన్నవారికి చెప్పు కొరికినా చాలు, అది నెలల తరబడి మానని పుండుగా మారొచ్చు. మీ ఇంట్లోనో, తెలిసినవారిలోనో ఇలా అవస్థ పడేవారు ఉండే ఉంటారు. అలాంటి పుండ్లకు ఇప్పుడు కొన్ని దేశాల్లో చేప చర్మం వేసి కట్టు కడుతున్నారు. ఐస్‌లాండ్‌కు చెందిన కెరెసిస్‌ సంస్థ అట్లాంటిక్‌ సముద్రంలో దొరికే కాడ్‌ చేప చర్మంతో చేసిన పట్టీకి అమెరికాలో 2013లోనే అనుమతి లభించింది.

చేప చర్మంలో అంత మహత్యం ఏముంది? కొల్లాజెన్‌. మన చర్మానికి గట్టిదనాన్నిచ్చేదీ ఈ ప్రొటీనే. పుండు పూడాలంటే కొత్త కణాలు అంచుల నుంచి లోపలికి పాకాలి. అందుకు వాటికో పందిరి కావాలి. మొండి పుండులో కొల్లాజెన్‌ను కోసే ఎంజైమ్‌లు అదుపు తప్పి, శరీరం అల్లుకుంటున్న పందిరిని ఎప్పటికప్పుడు కొరికేస్తుంటాయి. చేప చర్మం పెడితే బయటి నుంచి తెచ్చిన పందిరి దొరికినట్టే. బీరతీగలా మన కణాలు దాని సందుల్లోకి అల్లుకుంటాయి. పోనుపోనూ ఆ చర్మం పుండులోనే కలిసిపోతుంది.

ఆవు, పంది కణజాలాలతో చేసిన పట్టీలూ ఉన్నాయి. కాకపోతే వాటి నుంచి వైరస్‌లు సోకకుండా గట్టిగా శుద్ధి చేయాలి. చల్లని నీటిలో బతికే కాడ్‌తో ఆ భయం చాలా తక్కువ. తేలికపాటి శుద్ధి సరిపోతుంది కాబట్టి చర్మం సహజ నిర్మాణం, ఒమేగా-3 కొవ్వులు చెడవు. మతపరమైన అభ్యంతరాలూ తక్కువే. శాకాహారుల సంగతి వేరే అనుకోండి!

మరి పనిచేస్తుందా? లోతైన షుగర్‌ పుండ్లున్న 255 మందిపై ఐరోపాలో చేసిన అధ్యయనం ఫలితాలు 2024లో వచ్చాయి. మామూలు చికిత్సతో 16 వారాల్లో 26 శాతం మందికి పుండు మానితే, చేప చర్మం వేసినవారిలో 44 శాతం మందికి మానింది. తేడా పెద్దదే. కానీ సగానికి పైగా మందికి ఆ గడువులో మానలేదన్నదీ గుర్తుంచుకోవాలి.

బ్రెజిల్‌లోని ఫోర్టలేజాలో వైద్యులు కాలిన గాయాలకు తిలాపియా చర్మం వాడి చూశారు. ఇది సముద్ర చేప కాదు, మన చెరువుల్లోనూ పెరిగేదే. కాలినవారికి కట్టు విప్పి మార్చడమే నరకం. ఈ చర్మం గాయానికి అతుక్కుని రోజుల తరబడి ఉండటంతో ఆ బాధ తగ్గింది.

ఇంతా చదివి బజారు నుంచి చేప తోలు తెచ్చి పుండు మీద వేసుకునేరు! శుద్ధి చేయని తోలుతో ఇన్‌ఫెక్షన్‌ సోకి, కాలికే ముప్పు రావొచ్చు. కొల్లాజెన్‌ పొడి తాగినా ఈ పని జరగదు. అది కడుపులో మిగతా ప్రొటీన్లలాగే అరిగిపోతుంది. చేపలు పడనివారైతే ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి.

ఏ పట్టీ వేసినా కుళ్లిన కణజాలాన్ని తొలగించడం, పుండు మీద బరువు పడకుండా చూడటం, కాలికి రక్తం సరిగా అందుతోందో లేదో పరీక్షించడం, షుగర్‌ను అదుపులో ఉంచడం తప్పవు. పుండు నల్లబడినా, దుర్వాసన వస్తున్నా, జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. నొప్పి లేదు కదా అని ఆగొద్దు. షుగర్‌తో నరాలు మొద్దుబారితే నొప్పి తెలియదు.