రెండు చైనాల నడుమ ఒక రాయబారి

ఒక దేశాధినేత మరో దేశాధినేతకు తన ప్రతినిధిని పరిచయం చేస్తూ పంపే నియామక పత్రమే రాయబారి హోదాకు ఆధారం కాబట్టి, ఆ పత్రాన్ని స్వీకరించిన ప్రభుత్వమే విప్లవంలో కూలిపోతే అతడెంతటి సంకటస్థితిలో పడతాడో, 1948లో భారత రాయబారిగా నాన్‌జింగ్ వెళ్లిన చరిత్రకారుడు కె.ఎం. పణిక్కర్ అనుభవం స్పష్టం చేస్తుంది. 1949 ఏప్రిల్‌లో ఆ నగరం కమ్యూనిస్టు సేనల వశం కాకమునుపే జాతీయవాద ప్రభుత్వం గ్వాంగ్‌జౌకు తరలిపోగా, విచిత్రంగా సోవియట్ రాయబారి దాని వెంట వెళ్లారు, పణిక్కర్‌తో పాటు పలువురు పాశ్చాత్య రాయబారులు నాన్‌జింగ్‌లోనే నిలిచిపోయారు. అయితే తమను గుర్తించని దేశాల ప్రతినిధులను కొత్త పాలకులు సాధారణ విదేశీయులుగానే చూశారు, అమెరికా రాయబారి పడకగదిలోకి సైతం సైనికులు ప్రవేశించారు.

1949 డిసెంబరు 30న భారత్ కమ్యూనిస్టుల కొత్త చైనాను గుర్తించింది; గుర్తింపు అంటే ఆ పాలనను మెచ్చుకోవడం కాదు, దేశం దాని అధీనంలో ఉందన్న వాస్తవాన్ని అంగీకరించడం. 1950 మే నెలలో చైనా అధినేత మావోకు నియామక పత్రాలు సమర్పించిన పణిక్కర్‌ను, అక్టోబరు మొదటివారంలో ఒక అర్ధరాత్రి ప్రధాని చౌ ఎన్‌లై పిలిపించి, కొరియా యుద్ధంలో అమెరికా సేనలు ఉత్తర, దక్షిణ కొరియాలను విడదీసే 38వ అక్షాంశాన్ని దాటితే చైనా జోక్యం చేసుకుంటుందని హెచ్చరించారు. వాషింగ్టన్‌కు చేరిన ఆ సందేశాన్ని, దాన్ని అందించిన వ్యక్తి చైనా పక్షపాతి అన్న అనుమానంతో తేలికగా తీసుకోవడం ఘోరమైన పొరపాటు. అమెరికా సేనలు ఆ అక్షాంశాన్ని దాటడంతో, ఆ నెలలోనే చైనా సైన్యం సరిహద్దులోని యాలూ నదిని దాటి కొరియాలోకి ప్రవేశించింది.