సిల్వెస్ట్రిస్ అను లాటిన్ విశేషణము

మన స్వర్ణముఖి యొడ్డునను, చెరువుకట్టలమీదను నిలిచియుండు ఈతచెట్టునకు వృక్షశాస్త్రజ్ఞులు ‘ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్’ అని పేరిడిరి. శేషాచలముమీద తీగయై ప్రాకు పొడపత్రికి ‘జిమ్నెమా సిల్వెస్ట్రె’ అని పేరు. ఒకచోట ‘స్ట్రిస్’, వేఱొకచోట ‘స్ట్రె’ యేల? అచ్చుతప్పని తలపవలదు, అది వ్యాకరణము.

లాటినులో ‘సిల్వ’ యనగా అడవి. దానిపై మన తద్ధితమువంటి ప్రత్యయము చేరి ‘సిల్వెస్ట్రిస్’ అయినది. వనశబ్దమునుండి వన్యశబ్దము పుట్టినట్లే. తెలుగున నిట్టి విశేషణమునకు లింగభేదము లేదు. అడవిపంది యన్నను, అడవిమల్లె యన్నను ‘అడవి’ మాఱదు. లాటినున నట్లుగాదు. సంస్కృతమునందువలె విశేషణము విశేష్యముయొక్క లింగవచనవిభక్తుల ననుసరింపవలయును. అయితే ఇది వన్యశబ్దమువలె మూడు రూపములు దాల్చదు. శుచిశబ్దమును స్మరింపుడు: పురుషుడును శుచిః, స్త్రీయును శుచిః, జలము మాత్రము శుచి. అట్లే పుంస్త్రీలింగములకు సిల్వెస్ట్రిస్, నపుంసకమునకు సిల్వెస్ట్రె. శబ్దమంజరి వల్లించినవారికి ఇంతకంటె బోధ యక్కఱలేదు.

పొడపత్రి చరిత్రమే దీనికి సాక్ష్యము. 1781లో రెట్జియస్ అను పండితుడు దానిని ‘పెరిప్లోకా’ జాతిలో జేర్చి, ఆ పేరు స్త్రీలింగమగుటచే ‘సిల్వెస్ట్రిస్’ అనెను. తరువాత నది జిమ్నెమా జాతిలోనికి మాఱినది. ఈ పేరి తుదిభాగము దారమను నర్థముగల గ్రీకు నపుంసకశబ్దము. మొక్క యదియే, ఇల్లు మాఱినందున తోక మాఱినది.

ఇక అర్థము. పొలముగట్లపై నుండు ఈత అడవిచెట్టెట్లగును? ఈ విశేషణమునకు అడవిలో నుండునదియనియే గాక, నాటక, పెంచక, తనంత పుట్టునది యనియు నర్థము. మన చేలకంచెలలోని మొక్కను అడవియాముద మనుట యిట్టిదే. అరబ్బుదేశములలో నాటి నీరుపోసి పెంచు ఖర్జూరమునకు మన ఈత దాయాది. రెంటిని ప్రక్కప్రక్కన బెట్టి చూచినచో పేరు తగియున్నదనియే తోచును.

మధుమేహమునకని పొడపత్రిని కొనువా రొకటి గమనింపవలయును. సిల్వెస్ట్రిస్ అను విశేషణము పొగాకుజాతి మొక్క యొకదానికిని గలదు. విశేష్యము లేని విశేషణ మే మొక్కను దెలుపదు. కావున సీసాపై ‘జిమ్నెమా’ యను మొదటిమాట యున్నదా యని చూడుడు. ఇదివఱకే మందు పుచ్చుకొనుచున్నవారు వైద్యు నడుగక వాడరాదు. పచ్చియాకు దొరకినచో పరీక్ష సులభము: దానిని నమిలిన పిమ్మట బెల్లము నోట వేసికొన్నను కొంతసేపు తీపి తెలియదు.