లాడ్ బజార్ బేరం, గేమ్‌లో లక్కీ స్పిన్: ఏది న్యాయం?

ఈరోజు ఎపిసోడ్‌లో కొంచెం గేమ్స్, కొంచెం పాలిటిక్స్, కొంచెం న్యాయం అన్యాయం మాట్లాడుకుందాం. అన్నీ నా సొంత అభిప్రాయాలే. మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు.

ముందు నా పరువు పోయే కథ ఒకటి చెప్తా. అక్క పెళ్లికి గాజులు కొందామని అమ్మ, అక్క, నేను లాడ్ బజార్ వెళ్లాం. చార్మినార్ నుంచి పడమరకి వెళ్లే రోడ్డు కదా, రెండు వైపులా లక్క గాజుల షాపులే. షాపాయన ఒక సెట్ 1,800 అన్నాడు. అమ్మ 1,000 అంది. గాజుని వెలుతురులో తిప్పి చూసింది, రాళ్లు ఊడతాయేమో అని గోరుతో గీకింది, అక్క చేతికి తొడిగింది, "వద్దులే భయ్యా" అని రెండుసార్లు మెట్లు దిగింది. చివరికి 1,300కి తెగింది. ఆ అరగంట నేనేం చేశా? స్టూల్ మీద కూర్చుని, ఫోన్‌లో గన్ స్కిన్ కోసం లక్కీ స్పిన్ తిప్పా. అమ్మ 500 మిగిల్చింది, నేను 800 పోగొట్టా. స్కిన్ కూడా రాలేదు.

ఇంటికొచ్చాక ఆలోచించా. ఇది జూదమా, షాపింగా?

మన చట్టం ఇలాంటి ప్రశ్న వస్తే చాలాకాలం ఒకటే అడిగేది: ఇందులో తెలివి ఎక్కువా, అదృష్టం ఎక్కువా? దీని మీద ఫేమస్ కేసు మన దగ్గరిదే. 1963లో సికింద్రాబాద్‌లో ఒక క్లబ్ మీద పోలీసులు రైడ్ చేశారు. లోపల రమ్మీ ఆడుతున్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967లో తీర్పు వచ్చింది: మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం, కానీ రమ్మీలో ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అది ముఖ్యంగా నైపుణ్యం ఉన్న ఆట అని. తర్వాత వచ్చిన ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ఈ తీర్పునే చూపించుకున్నాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం చట్టం మార్చి డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని కూడా ఆపేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. తెలివైనా అదృష్టమైనా, డబ్బు గెలుస్తామనే ఆశతో డబ్బు కట్టి ఆడించే ఆన్‌లైన్ ఆటలు బంద్. ఆడేవాళ్లకి కాదు, ఆడించేవాళ్లకి శిక్ష. మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా.

దీన్ని నేను తప్పు పట్టను. అప్పులపాలైన ఇళ్లు మనందరం చూశాం. కానీ నా 800 సంగతేంటి? నేను డబ్బు గెలుద్దామని ఆడలేదు, బొమ్మ తుపాకీకి రంగు కోసం ఆడా. ఈ చట్టం గురి అంతా డబ్బు తిరిగొచ్చే ఆటల మీదే. బెల్జియం మాత్రం 2018లోనే కొన్ని గేముల్లో డబ్బుకి అమ్మే లూట్ బాక్సులు జూదమే అని తేల్చింది.

నా ఒపీనియన్ ఏంటంటే, తెలివా అదృష్టమా అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. లాడ్ బజార్ ప్రశ్నలు మూడు అడగాలి.

ఒకటి, వస్తువు చూసి కొంటున్నానా? అమ్మ గాజు తొడిగించి చూసింది. నేను మూసిన పెట్టె కొన్నా.

రెండు, ధర తెలుస్తోందా? షాపులో రూపాయల్లో చెప్తారు. గేమ్‌లో ముందు రూపాయల్ని కాయిన్స్ చేస్తారు, ఆ తర్వాత కాయిన్స్ ఖర్చుపెట్టిస్తారు. 800 పోయిందని అప్పుడు నాకు అనిపించలేదు, కాయిన్స్ అయిపోయాయనే అనిపించింది.

మూడు, మెట్లు దిగి పోగలనా? షాపులో మనం వెళ్లిపోతుంటే ధర తగ్గుతుంది. గేమ్‌లో "ఇంకా పది నిమిషాలే" అని టైమర్ కొడుతుంది.

అలాగని లాడ్ బజార్‌లో అందరూ సత్యహరిశ్చంద్రులని అనట్లేదు. బేరం రానివాడికి అక్కడా బ్యాండే. తేడా ఏంటంటే, అక్కడ మోసపోయినా చేతిలో గాజు ఉంటుంది, రేపు పక్క షాపులో రేటు కనుక్కోవచ్చు.

ఇంకో లెక్క చూడండి. స్కిన్ వచ్చే ఛాన్స్ 1 శాతం అని రాసుంటే, 100 సార్లు తిప్పితే పక్కా వస్తుందనుకుంటాం. కాదు. ప్రతి స్పిన్ విడివిడిగా లెక్కేస్తే, 100 సార్లు తిప్పినా అసలు రాకపోయే ఛాన్స్ దాదాపు 37 శాతం. యాపిల్ 2017 నుంచి యాప్ స్టోర్‌లో ఈ శాతాలు ముందే చూపించాలని రూల్ పెట్టింది. స్పిన్ నొక్కే ముందు ఆ పేజీ తెరవండి. పక్కన రూపాయల్లో ఎంతో రాసుకోండి.

గేమ్స్ బ్యాన్ చేయమని నేను అడగట్లేదు. నేనింకా ఆడుతున్నా. స్కిన్ అమ్ముకోండి, కానీ గాజుల్లా అద్దంలో పెట్టి, రూపాయల్లో రేటు రాసి అమ్మండి. ప్రభుత్వం ఆ రూల్ ఒక్కటి పెట్టినా చాలు. ముఖ్యంగా పిల్లలు ఆడే గేముల్లో.

చివరికి అమ్మకి విషయం చెప్పేశా. తిట్టలేదు. "చూడకుండా డబ్బులిచ్చావా?" అంది, అంతే. అది తిట్టుకంటే గట్టిగా తగిలింది.

మీరు ఎంత పోగొట్టుకున్నారో కామెంట్‌లో రూపాయల్లో రాయండి, కాయిన్స్‌లో కాదు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.