ఫుట్‌బాల్ టీము – జీతాల పద్దు

ఫుట్‌బాల్ సీజను ముగిసిన మర్నాటి నుంచి మళ్ళీ మొదలయ్యే దాకా ఉండే నాలుగైదు నెలల్ని అభిమానులు ఖాళీ రోజులనుకుంటారు. క్లబ్బు ఆఫీసులో వాళ్ళకు మాత్రం ఊపిరి సలపని రోజులవి. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని పంపెయ్యాలి, కొత్తగా ఎవరిని తెచ్చుకోవాలి, ఇందరి జీతాలూ కలిపి లీగు వారు గీసిన గీత దాటకుండా ఎలా సర్దాలి – ఇవన్నీ అప్పుడే తేలాలి. ఆ గీతకే శాలరీ క్యాప్ అని పేరు. జీతాల గరిష్ఠ పరిమితి అన్నమాట. కామర్సు విద్యార్థులకు ఇదొక బడ్జెటు పాఠంలా కనిపించవచ్చు. కాని మన హైదరాబాదు ఇటీవలే ఒక ఫుట్‌బాల్ క్లబ్బును పోగొట్టుకుంది గనుక, అందరూ తెలుసుకోదగిన సంగతేనని రాస్తున్నాను.

అసలీ గీత ఎందుకు? డబ్బున్న క్లబ్బు మంచి ఆటగాళ్ళనందరినీ మూట కట్టుకుపోకుండా ఉండటానికి. ఈ బాధ మన ఊరికి పాతదే. మన ఉస్మానియాలో చదివి యూనివర్సిటీ టీముకు ఆడిన రహీం సాబ్ – సయ్యద్ అబ్దుల్ రహీం – తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు టీము 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ ఆటగాళ్ళు పోలీసు శాఖలో నౌకరీ చేసేవాళ్ళు. ఎంత బాగా ఆడినా జీతం సర్కారు గ్రేడు ప్రకారమే గదా! కలకత్తా క్లబ్బులకు అటువంటి అడ్డేమీ లేదు. సికిందరాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయారు. అలా వెళ్ళినవారు ఇంకెందరో. గీత మనకే ఉంది, అవతలివాడికి లేదు. అందుకే ఈ కాలపు లీగుల్లో చాలావాటిలో గీత అందరికీ ఒకటే ఉంటుంది.

క్రికెట్ వేలం చూసేవారికి ఈ లెక్క సగం తెలిసినట్టే. 2025 ఐ.పి.ఎల్. కోసం ఒక్కో జట్టుకు 120 కోట్లు. సన్‌రైజర్స్ హైదరాబాద్ వేలానికి ముందే క్లాసెన్‌కు 23, కమిన్స్‌కు 18, ట్రావిస్ హెడ్‌కూ అభిషేక్ శర్మకూ చెరి 14, మన విశాఖపట్నం నితీశ్ కుమార్ రెడ్డికి 6 – వెరసి 75 కోట్లు రాసేసుకుంది. మిగిలినవి 45. అందులో ఇషాన్ కిషన్, షమీ, హర్షల్ పటేల్ ముగ్గురికే 29 కోట్ల 25 లక్షలు పోయాయి. తక్కిన జట్టంతా 15 కోట్ల 75 లక్షల్లో ఒదగాలి. హాస్టల్లో మెస్సు సెక్రటరీగా చేసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు: ఆదివారం కోడికూరకు ఎక్కువ పెడితే బుధవారం పప్పు పలచనవుతుంది.

ఫుట్‌బాల్లో ఇప్పుడు అలాంటి వేలం లేదు. ఒప్పందాలు రెండేళ్ళకో మూడేళ్ళకో నేరుగా రాసుకుంటారు. కాబట్టి ఈ ఏడు పెట్టిన సంతకం పై ఏటి పరిమితిలోనూ చోటు తినేస్తుంది. ఇండియన్ సూపర్ లీగులో నేను చెప్పబోయే ఏళ్ళలో పరిమితి 16 కోట్ల 50 లక్షలు. పైగా 2021–22 నుంచి మైదానంలో ఒకేసారి నలుగురికి మించి విదేశీయులు దిగరాదన్నారు, అంతకుముందు అయిదుగురు. చూడటానికి చిన్న మార్పే. కాని ఏడుగురు భారతీయులు తప్పనిసరి అయినప్పుడు, మంచి భారతీయ ఆటగాడి రేటు పెరగక ఏమవుతుంది?

హైదరాబాద్ ఎఫ్.సి. 2019 ఆగస్టులో పుణె క్లబ్బు స్థానంలో వచ్చింది. మొదటి సీజనులో అందరికన్నా అడుగున నిలిచింది. 2020లో కోచిగా వచ్చిన మనోలో మార్క్వెజ్ కుర్రాళ్ళను నమ్ముకున్నాడు – ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో. ఇందులో ఆట తెలివే గాక లెక్కల తెలివీ ఉంది. పేరు రాని కుర్రాడికి జీతం తక్కువ. అక్కడ మిగిలిన చోట్లో ఓగ్బెచే వంటి వాణ్ణి కూర్చోబెట్టవచ్చు. 2021–22లో ఓగ్బెచే 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3–1తో ఓడించి మనవాళ్ళు కప్పు ఎత్తారు. గోలీ కట్టిమణి ఆ రోజు మూడు పెనాల్టీలు ఆపాడు!

అయితే గెలిచిన టీము జీతాలు మర్నాటి నుంచే పెరుగుతాయి. నిన్నటి చవక కుర్రాడు ఇవాళ ఇండియా జట్టులో ఆడుతున్నాడు. రేటు పెంచమంటాడు, అది అతని హక్కు. అందరికీ పెంచితే గీత దాటిపోతుంది. ఎవరెవరి కారణాలు ఏవైనా, లిస్టన్ 2021లో, ఆశిష్ రాయ్ 2022లో మోహన్ బగాన్‌కు వెళ్ళారు. ఆకాశ్ మిశ్రా 2023లో ముంబయి సిటీకి వెళ్ళాడు. బాగుపడిన టీము చెదిరిపోవటం పరిమితి ఉన్న ప్రతి లీగులోనూ చూస్తాం. ఎవరిని ధర ఉండగానే వదలాలో తెలిసినవాడే మంచి మేనేజరని నా అభిప్రాయం.

ఇక్కడొక మెలిక ఉంది. పద్దు వేరు, నగదు వేరు. అమెరికా వారి ఫుట్‌బాల్ – ఎక్కువగా చేతుల్తోనే ఆడే వేరే ఆట సుమా – ఈ మెలికకు పెట్టింది పేరు. డల్లాస్‌లో ఉన్న మన పూర్వవిద్యార్థులకు ప్రతి మార్చిలోనూ ఈ గోల పరిచయమే. అక్కడ 1994లో 3 కోట్ల 46 లక్షల డాలర్లున్న పరిమితి 2025 నాటికి 27 కోట్ల 92 లక్షలైంది. అయిదేళ్ళ ఒప్పందం మీద కోటి డాలర్ల బోనసు ముందే చేతికిచ్చి, పద్దులో ఏడాదికి 20 లక్షల చొప్పున రాసుకోవచ్చు. రెండేళ్ళకే అతన్ని తీసేస్తే, మిగిలిన 60 లక్షలూ సాధారణంగా ఒక్కసారే పద్దు మీద పడతాయి. ఆటగాడు పోయాడు, అతని చోటు మాత్రం ఖాళీ కాలేదు. మన కిరాణా కొట్టు ఉద్దెర ఖాతా లాంటిదే.

అమెరికాలో నగదు ముందు పోయి పద్దు తర్వాత వస్తే, హైదరాబాదులో పద్దు రాశారు గాని నగదు రాలేదు. 2022–23లోనూ టీము రెండో స్థానంలో ఉంది. ఆ వేసవిలో మనోలో గోవాకు వెళ్ళాడు, ఓగ్బెచే వెళ్ళిపోయాడు. జీతాల బాకీల మీద ఫిర్యాదులు ఫిఫా దాకా పోయాయి. కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోరాదని నిషేధం పడింది. అంబర్‌పేటలో మా గల్లీ కుర్రాళ్ళు నన్నొకటే అడిగేవారు: "ఒప్పందం ఉంది గద సార్, మధ్యల ఎట్ల పోతరు?" ఫిఫా నిబంధన ఏమంటే, రెండు నెలల జీతం బాకీ పడితే 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి, అప్పటికీ చెల్లించకపోతే ఆటగాడు ఒప్పందం తెంచుకోవచ్చు. 2024 జనవరిలో చింగ్లెన్‌సనా, నిఖిల్ పూజారి బెంగుళూరుకు, యాసిర్ గోవాకు వెళ్ళారు. ఆ సీజను 22 మ్యాచీల్లో ఒకే గెలుపు, 8 పాయింట్లు, ఆఖరి స్థానం. 2024లో యజమానులు మారారు. 2025లో క్లబ్బు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ పేరుతో ఢిల్లీకి తరలిపోయింది. గచ్చిబౌలి స్టేడియానికి ఆ టీము లేకుండా పోయింది.

పరిమితి "ఇంతకు మించి రాయవద్దు" అంటుంది గాని, "రాసినంతా నీ దగ్గరుందా?" అని అడగదు. స్పెయిన్ లీగు 2013 నుంచి ఆ ప్రశ్న అడుగుతున్నది. అక్కడ ప్రతి క్లబ్బుకూ దాని రాబడిని బట్టి వేరువేరు పరిమితి. 2021 ఆగస్టులో బార్సిలోనా అంతటి క్లబ్బు మెస్సీని ఉంచుకోలేకపోయింది ఈ లెక్క కుదరకనే. జీతాలకు అది భద్రతే. కాని ధనిక క్లబ్బుకు పెద్ద గీత, పేద క్లబ్బుకు చిన్న గీత అయితే మళ్ళీ మన పాత కలకత్తా కథే అవుతుంది.

అందుచేత నా మటుకు గీత అందరికీ ఒకటే ఉండాలి, దానికి తోడు డిపాజిట్టు ఉండాలి. ఇప్పుడున్న లైసెన్సు నిబంధనల్లోనూ జీతాల పాత బాకీలు చూస్తారు. అది వెనక్కి చూసే పరీక్ష. జర్మనీ లీగు వారు రాబోయే సీజనుకు డబ్బెక్కడిదో చూపించమంటారు. 16 కోట్ల 50 లక్షలు పూర్తిగా రాసుకున్న క్లబ్బుకు మూడు నెలల జీతాలంటే 4 కోట్ల 12 లక్షల 50 వేలు. కొత్త సంతకాలకు ముందే ఆ సొమ్ము బ్యాంకులో కట్టమంటే, కట్టలేనివారెవరో మే నెలలోనే తెలిసిపోతుంది. ఆటగాళ్ళు అప్పటికింకా వేరే క్లబ్బు చూసుకునే వీలుంటుంది.