ఆధారమే వాదనకు ప్రాణం
డిగ్రీ విద్యార్థుల నివేదికకు ఊరే పాఠ్యగ్రంథం

భావనపాడు (శ్రీకాకుళం జిల్లా): ఊరిలో సర్వే చేసి నివేదిక సమర్పించడం డిగ్రీ చదువులో భాగమైంది. 2020-21లో రాష్ట్రంలో అమల్లోకి వచ్చిన పాఠ్య ప్రణాళికలో 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టును చేర్చారు. వివరాలు సేకరించడం ఒక ఎత్తు, వాటితో చదువరిని ఒప్పించడం మరో ఎత్తు. సంతబొమ్మాళి మండలం భావనపాడు వంటి తీర గ్రామాల విద్యార్థులకు ఈ విద్య మార్కులకే పరిమితం కాదు. ఊరి గోడును అధికారుల ముందు నిలబెట్టే సాధనం కూడా ఇదే.

ప్రశ్నతో ఆరంభం

'మత్స్యకారుల సమస్యలు' అన్నది అంశం మాత్రమే. 'ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధ కాలంలో భావనపాడు కుటుంబాలు అప్పు చేస్తున్నాయా, వలస పోతున్నాయా?' అన్నది ప్రశ్న. దీనికి జవాబు ఇంటింటా అడిగితే దొరుకుతుంది. ఎన్ని ఇళ్లకు వెళ్లారు, ఎప్పుడు వెళ్లారు, ఏమడిగారు అన్నది నివేదికలో పేర్కొనాలి. విన్నమాటను, చూసినదాన్ని, రికార్డులో ఉన్నదాన్ని వేర్వేరుగా చూపాలి. ప్రభుత్వ లెక్కలు అందుబాటులో లేకుంటే సమాచార హక్కు చట్టం-2005 కింద దరఖాస్తు చేయవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

గిడుగు చూపిన బాట

ఈ పద్ధతికి మార్గదర్శి జిల్లాలోనే ఉన్నారు. 1863లో పర్వతాలపేటలో జన్మించిన గిడుగు వెంకట రామమూర్తి సవరల మధ్య తిరిగి వారి భాషను నేర్చారు. ఆ భాషపై ఆయన గ్రంథం 1931లో వెలువడింది. కళాశాల విద్యార్థులు తెలుగు వ్యాసాలను ఏ భాషలో రాయాలన్న వివాదం 1910 దశకంలో చెలరేగింది. విజయనగరానికి చెందిన గురజాడ అప్పారావు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించారు. గిడుగు వాడుక భాష తీయనైనదని చెప్పి ఊరుకోలేదు. పాత వచన గ్రంథాల నుంచి వాడుక రూపాలను ఏరి చూపారు. గ్రాంథికవాదుల రచనల్లోనే వ్యాకరణ విరుద్ధ ప్రయోగాలను ఎత్తిచూపారు. ఆనాడు విశ్వవిద్యాలయం గ్రాంథికం వైపే మొగ్గినా, కాలక్రమంలో పత్రికలు, పాఠ్యపుస్తకాలు వాడుక భాషకు మళ్లాయి.

ఎదుటివారి మాటకూ చోటు

నిషేధ కాలపు భృతి పెంచాలని రాసే విద్యార్థి, ఆ నిషేధం చేపలు గుడ్లు పెట్టే కాలంలో వాటి సంతతిని కాపాడేందుకేనన్న వాస్తవాన్ని దాచకూడదు. దాన్ని అంగీకరిస్తూనే, ఆ భారం ఎవరి మీద ఎంత పడుతోందో లెక్కలతో చూపాలి. ప్రతివాదాన్ని విస్మరించిన వ్యాసం మొదటి ప్రశ్నకే కూలిపోతుంది.

రాత నిలిచిన చోట

పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్-2006 ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. అభ్యంతరాలను లిఖితపూర్వకంగానూ తెలపవచ్చు. ఇదే జిల్లా సోంపేటలో థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని 2010 జులైలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది. అక్కడి బీల బంజరు కాదు, చిత్తడి నేల అన్నదే వివాదంలో కీలకాంశం. ఆ ఉద్యమంలో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. నేల స్వభావాన్ని ఆధారాలతో నిరూపించడం ఎంత అవసరమో ఆ ఉదంతం చాటింది.

నివేదిక ముగించే ముందు ప్రతి వాక్యాన్నీ 'ఇది ఎలా తెలిసింది?' అని ప్రశ్నించుకోవాలి. జవాబు లేని వాక్యాన్ని కొట్టివేయాలి. మిగిలినదే అధికారి బల్లపై నిలుస్తుంది.