సర్కారు పోర్టు కంపెనీని అడిగేవాళ్ళెవరు?

మచిలీపట్నం, రామాయపట్నం, మూలపేట. ఈ మూడు రేవుల నిర్మాణానికి మారిటైం బోర్డు కింద ఒక్కో రేవుకు ఒక్కో కంపెనీ పెట్టింది రాష్ట్ర ప్రభుత్వం. ఈ కంపెనీల మీద అజమాయిషీ గురించి తీరంలో వినిపించే మాటల్లో నిజమెంతో చూద్దాం.

అపోహ: పోర్టులన్నీ ఢిల్లీవే, రాష్ట్రానికి సంబంధం లేదు.

రాజ్యాంగం ప్రకారం విశాఖ లాంటి మేజర్ పోర్టులు కేంద్ర జాబితాలోవి. మిగిలినవన్నీ రాష్ట్రానికీ అధికారం ఉన్న ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. ఇది సైజును బట్టి వచ్చిన తేడా కాదు. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ సరుకు దిగే ముంద్రా కూడా మేజర్ పోర్టు కాదు మరి!

అపోహ: కట్టేది ప్రభుత్వమే గనక అనుమతులు లాంఛనం.

ఏడాదికి 50 లక్షల టన్నులు, ఆపైన సరుకు దించే రేవుకు కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి తప్పనిసరి. ఈ మూడూ ఆ గీత దాటినవే. యజమాని సర్కారైనా మినహాయింపు లేదు. అనుమతి వచ్చాక దాన్ని సవాలు చేయాలంటే జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు 30 రోజుల్లో వెళ్ళాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇవ్వవచ్చు. ఆ గడువు తెలియకపోతే నష్టపోవాల్సిందే.

అపోహ: ప్రజాభిప్రాయ సేకరణలో ఎక్కువమంది వద్దంటే పోర్టు ఆగుతుంది.

ఆగదు. అక్కడ ఓటింగు ఉండదు, కోరం కూడా అక్కర్లేదు. అలాగని అది ఉత్త తంతు కూడా కాదు. 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ సభ నడపాలి. ఎవరేమన్నారో రాసుకుని, చివర్లో స్థానిక భాషలో చదివి వినిపించి సంతకం చేయాలి. లేవనెత్తిన ప్రతి ముఖ్యమైన అభ్యంతరానికీ కంపెనీ తుది నివేదికలో జవాబు చెప్పుకోవాలి. మామూలు మనిషి మాట పని మొదలుకాకముందే రికార్డుకెక్కే చోటు ఇది. అందుకే అరుపులకన్నా గురి చూసి వేసిన ప్రశ్నకు బలమెక్కువ. ఉదాహరణకు, తూర్పు తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. అలలను ఆపే బ్రేక్‌వాటర్ గోడ అడ్డుపడితే దక్షిణాన మేట, ఉత్తరాన కోత. విశాఖలో డ్రెడ్జింగ్ ఇసుకను ఆర్కే బీచ్‌కు పోయాల్సి వస్తున్నది అందుకే. ‘మా ఊరు రేవుకు ఉత్తరాన ఉంది, కోత ఎంతని లెక్కగట్టారు? తవ్విన ఇసుక ఎక్కడ పోస్తారు? వలలు ఎక్కడ ఆరేసుకోవాలి?’ అని అడిగి, ఆ మాటలు మినిట్స్‌లోకి ఎక్కాయో లేదో చదివేటప్పుడు చెవి పెట్టి వినాలి.

అపోహ: కంపెనీ గనక కాగ్ చూడదు.

ప్రభుత్వానికి 51 శాతం వాటా ఉంటే చాలు, ఆడిటర్‌ని నియమించేది కాగే (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్). ఆ ఆడిట్ మీద మళ్ళీ తాను అదనపు ఆడిట్ కూడా చేయించవచ్చు. వార్షిక నివేదిక, కాగ్ వ్యాఖ్యలు శాసనసభ ముందుకు రావాలి. వాటిని చూడడానికి ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ ఉంది. లోపమల్లా ఇదంతా డబ్బు ఖర్చయ్యాక జరగడం. దానికితోడు రాష్ట్రాల సంస్థలు లెక్కలు ఏళ్ళ తరబడి ఇవ్వడం లేదన్నది కాగ్ పాత ఫిర్యాదే. కాగ్ ప్రాజెక్టును ఆపలేదు, చెప్పగలదంతే.

అపోహ: అప్పు కంపెనీది, మనకేం?

ప్రభుత్వం పూచీ ఇస్తే, కంపెనీ కట్టలేనప్పుడు భారం ఖజానాదే. రాష్ట్ర బడ్జెట్ నుంచి తీర్చే ఇలాంటి అప్పులను రాష్ట్ర రుణ పరిమితిలోనే లెక్కగట్టాలని 2022లో కేంద్రం నిర్ణయించింది.

అపోహ: కంపెనీ కాగితాలు సమాచార హక్కు కిందికి రావు.

వస్తాయి. వ్యాపార రహస్యం అని కొన్నిటిని ఆపవచ్చు గానీ, విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే అవి కూడా ఇవ్వాలి. పర్యావరణ షరతులు ఎంతవరకు పాటించారో ఏటా జూన్ 1న, డిసెంబరు 1న కంపెనీ నివేదిక ఇవ్వాలి. అది ఎవరైనా చూడదగ్గ పత్రం.